ఏనుగ జమ్ము

మొన్న కోదాడలో పెళ్లికి పోయి తిరిగి వస్తూ దారిలో ఒక హోటల్ దగ్గర టీకి ఆగాం. లోపల ఒక మూలన నిలువెత్తు పింగాణీ జాడీ పెట్టారు. అందులో అలంకారానికి గుచ్చిన ఎండు కర్రలు, ఒక్కో కర్ర చివర జానెడు పొడుగున గోధుమ రంగు కండె. మా కోడలు అవి ప్లాస్టిక్‌వని అనుకుంది. తేల్చుకోవడానికి లేచి వెళ్లి ఒకదాన్ని గోటితో గీరింది. కండె పగిలి లోపలి నుంచి తెల్లని నూగు పొంగింది. ఫ్యాను గాలికి పైకి లేచి గదంతా తేలడం మొదలుపెట్టింది. టీ తాగుతున్నవాళ్లు నవ్వుకుంటూ చేతులతో విసురుకున్నారు. నేను గ్లాసు కింద పెట్టి బయటికి వచ్చేశాను. కోడలు కంగారుగా వెంట వచ్చి ఏమైందని అడిగితే, దుమ్ము పడదని చెప్పాను. ముక్కుకు పొగ వాసన తగులుతోంది. చుట్టుపక్కల ఎక్కడా పొగ లేదు.

ఆ మొక్కను మా ఊళ్లో ఏనుగ జమ్ము అనేవాళ్లు.

మా ఊరు మిర్యాలగూడ నుంచి త్రిపురారం పోయే బాటకు కొంచెం లోపలగా ఉంటుంది. మాది గొర్రెలు కాసుకునే ఇల్లు. ఇంటికంటే గొర్రెల దొడ్డే పెద్దది. తెల్లవారి కళ్లు తెరవకముందే గొర్రె బొచ్చు వాసన, పెంటికల వాసన, నాయినమ్మ పొయ్యి మీద కుతకుత ఉడికే జొన్న గట్క వాసన ఒకదాని వెనక ఒకటి వచ్చేవి. వానలో తడిసిన గొంగడిని తాత దండెం మీద ఆరేస్తే బయటివాళ్లు ముక్కు మూసుకునేవాళ్లు. నాకు మాత్రం తాత అంటే ఆ వాసనే.

ఊరికి పడమర ఒక పల్లపు నేల ఉండేది. వానాకాలం మడుగు కట్టేది, ఎండాకాలం పగుళ్లు ఇచ్చేది. దాని చుట్టూ మా మంద మేసేది. సాగర్ కాలువ వచ్చి పైన పొలాలు పారడం మొదలయ్యాక ఆ పల్లంలో ఊట ఆగలేదు. మొదట తుంగ మొలిచింది, దాని వెనకే జమ్ము వచ్చింది. ఎవరూ నాటలేదు. నేను బడిలో చేరినప్పుడు నా నడుము దాకా ఉన్నది, పలక వదిలి పుస్తకం పట్టేనాటికి మా నాయిన చెయ్యెత్తినా కొన అందనంత అయింది. గాలి వీస్తే అందులోంచి వచ్చే చప్పుడు ఊళ్లోకి వినిపించేది, ఎవరో పెద్ద పెద్ద చాపలను నేల మీద ఈడ్చుకుపోతున్నట్టు.

వరి పెట్టినవాళ్లకు ఆ నీళ్లు సంబరం. మా ఇంట్లోకి కూడా వరన్నం రావడం మొదలైంది. నాయినమ్మ పచ్చిపులుసు పోసుకుని ఇష్టంగానే తినేది, తిన్నాక గట్క లేనిదే కడుపు నిండినట్టు లేదని గొణిగేది. తాతకు మాత్రం ఆ నీళ్లు గిట్టలేదు. తడి నేలలో మేసిన గొర్రెలకు గిట్టల మధ్య కుళ్లింది, కార్జంలో జలగలు పడ్డాయి. పొద్దున దొడ్డి తడిక తీస్తే లేవలేని గొర్రె ఒకటన్నా ఉండేది. తాత దాని పక్కన గొంతుకు కూర్చుని చెవులు నిమిరి, తర్వాత లేచి పడమర దిక్కు చూస్తూ చాలాసేపు నిలబడేవాడు. తన మందను తిన్నది ఆ జమ్మే అని ఆయన నమ్మకం. దాన్ని ఒకసారి మొదలంటా కాలబెడితే తప్ప ఊరికి మంచి జరగదని పెద్దమనుషుల దగ్గర కూర్చున్నప్పుడల్లా అనేవాడు.

దానికి ఏనుగు పేరెందుకు వచ్చిందని నేను ఇంట్లో అందరినీ అడిగాను. పల్లేరులో చిన్న పల్లేరు, ఏనుగ పల్లేరు ఉన్నట్టే జమ్ములో పెద్ద రకాన్ని అలా అంటారని నాయిన చెప్పాడు. అదే నిజమై ఉంటుంది గానీ నాకు నచ్చలేదు. ఏనుగులకు అది ఇష్టమైన మేత అని నాయినమ్మ అంది. ఆమె పుట్టి బుద్ధెరిగి ఏనుగును చూడలేదు. తాతనూ అడిగాను. నన్ను దగ్గరికి లాక్కుని కూర్చోబెట్టుకున్నాడు.

"ఏనుగు దూరినా కానరాదు బిడ్డా, గందుకే గా పేరు. నువ్వెంత, సిటికెనేలంత లేవు. గా జమ్ములకు పోకు."

లోపలికి పోలేదు కానీ ఒడ్డు మీద మా ఆటలు మావే. లేత జమ్మును పట్టి గుంజితే కీచుమని శబ్దం చేస్తూ ఊడి వచ్చేది. పై పొరలు ఒలిస్తే లోపల తెల్లని దవ్వ, దోసకాయ రుచి. తిని, కాళ్లకు అంటిన బురద పిల్లకాలువలో కడుక్కుని, ఏమీ ఎరగనట్టు ఇంటికి వచ్చేవాళ్లం. నాయినమ్మ నోరు వాసన చూసి పట్టేసేది.

ఆ ఏడు శివరాత్రి వెళ్లిన తర్వాత మా మేనత్త కాన్పుకు పుట్టింటికి వచ్చింది. నాయినకు ఒక్కతే చెల్లెలు. ఆమెను కోదాడ దగ్గర చిలుకూరుకు ఇచ్చారు. నన్ను పేరు పెట్టి పిలిచేది కాదు, కోడలా అనేది. అక్కడి మాటలు కొన్ని నోటికి అంటుకుని మధ్య మధ్యలో వచ్చేవి, మేం వెక్కిరిస్తే తనూ నవ్వేది. కానీ నవ్వుతున్నా నడుస్తున్నా ఆమె చెయ్యి పొట్ట మీది నుంచి కదిలేది కాదు. అంతకుముందు ఒక బిడ్డ పుట్టి ఏడవకుండానే పోయింది. ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఎత్తకపోయినా అత్త గడప దాటితే నాయినమ్మ కళ్లు ఆమె వెంటే పోయేవి.

బిడ్డ పుట్టకముందే బట్టలు, ఉయ్యాల సిద్ధం చేసుకోవడం కీడు అని నాయినమ్మ పట్టింపు. అత్త మాత్రం మనసులో ఒకటి పెట్టుకుంది. ఒకరోజు దొడ్డి వెనక నాకు జడ వేస్తూ మెల్లగా చెప్పింది.

"చిలుకూరుల మా పక్కింటి పిల్లకు బూరుగు దూది పరుపు కుట్టించిన్రు. మా దాన్ని పాత చీర మీద పండబెట్టిన్రు. నేల గట్టిగ తాకిందేమో కోడలా దానికి."

అలా కాదని తనకూ తెలుసంది. అయినా ఈసారి మెత్తటిది ఒకటి ఉండాలంది. మా వైపు బూరుగు చెట్లు లేవు. జమ్ము కండెల్లో దూది మాత్రం కావలసినంత ఉంది, అదీ ఎండి పగలడానికి సిద్ధంగా.

మరునాడు మధ్యాహ్నం నాయినమ్మ కునుకు తీస్తుండగా ఇద్దరం సంచి పట్టుకుని బయలుదేరాం. మా అమ్మ కూలికి పోయింది, నాయిన మంద వెంట ఉన్నాడు. మేం పోవడం ఎవరూ చూడలేదు. ఒడ్డున కండెలు అప్పటికే పిల్లలు తెంపేశారు, మిగిలినవి గాలికి రాలిపోయాయి. బర్రెలు తొక్కిన బాట ఒకటి లోపలికి పోతోంది. దాని వెంట కొంచెం పోతే నిండు కండెలు కనిపించాయి, ఇంకొంచెం పోతే అంతకంటే నిండువి. నేల అక్కడక్కడా మెత్తగా ఉన్నా కాలు నిలుస్తోంది. జమ్ము మా తలల మీద కలుసుకుని ఆకాశం సన్నని చీలికలా ఉంది. అత్త కర్ర వంచితే నేను తెంపేదాన్ని. ఒకదాన్ని చిదిమి నా చెంపకు రాసింది. కోడిపిల్ల వీపులా ఉంది.

దూరంగా డప్పు వినిపించింది. ఊరి చుట్టూ తిరుగుతున్నట్టు ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా మోగింది. ముత్యాలమ్మకు ఏదో చేస్తున్నారేమో అని అత్త అంది. నేనూ అవునన్నాను.

అది ముత్యాలమ్మ డప్పు కాదు. ఆ పొద్దున పడమటి గాలి నిలకడగా తిరిగింది, మంట పల్లమంతా కాల్చుకుంటూ వచ్చి ఊరివైపు పిల్లకాలువ దగ్గర ఆగుతుందని చూసి, వచ్చే వారం అనుకున్న పనిని ఊరివాళ్లు ఆ రోజే పెట్టుకున్నారు. జమ్ముకు అగ్గి పెడుతున్నాం, మనుషులు గొడ్లు అటు పోవద్దని చాటింపు. ఎవరి గొడ్లను వాళ్లు ఇంటికి తోలుకుపోయారు. మా ఇంట్లో అత్తా నేనూ లోపల పడుకున్నామనే అనుకుని ఉంటారు.

సంచి నిండి వెనక్కి తిరిగాక బాట దొరకలేదు. బర్రెల బాటలు ఒకదాన్ని ఒకటి కోసుకుంటూ ఎటు చూసినా ఒకేలా ఉన్నాయి. ఒక బాట పట్టుకుని పోతే నీళ్లు వచ్చాయి. ఇంకొకటి పట్టుకుంటే మళ్లీ మేం తెంపిన మోళ్ల దగ్గరికే వచ్చాం. అప్పుడు పొగ వాసన వచ్చింది. ఎవరో గడ్డి కాలబెడుతున్నారనుకున్నాం. కాసేపటికి నల్లని తునకలు తల మీద రాలాయి. నీటికోళ్లు రెండు మా కాళ్ల సందు నుంచి దూసుకుపోయాయి, వాటి వెనక ఒక పాము, మమ్మల్ని పట్టించుకోకుండా. ఆ తర్వాత చప్పుడు. మంగలంలో పేలాలు పేలినట్టు, కానీ ఆగకుండా, పెద్దదవుతూ.

అత్త నా మణికట్టు పట్టుకుని పరుగెత్తబోయింది. నాలుగు అడుగులు వేసిందో లేదో కాలు మోకాలి దాకా దిగబడి ముందుకు కూలబడింది. లేపబోతే లేవలేదు. పొట్ట పట్టుకుని పళ్లు బిగించి ఊపిరి ఆపుకుంది. ఆ నొప్పి కొంచెం తగ్గాక నా ముఖం చూసి, నన్ను ఉరకమంది. నేను పోలేదు. ధైర్యం ఉండి కాదు. ఎటు ఉరకాలో తెలియలేదు. ఇద్దరం గొంతు చించుకుని అరిచాం. ఆ గాలిలో, ఆ పేలుడు చప్పుడులో మా అరుపు మాకే సరిగా వినిపించలేదు.

పడినప్పుడు సంచి విచ్చుకుని కొన్ని కండెలు చితికాయి. నూగు బుస్సున లేచి, జమ్ము కొనలు దాటి పైకి పోయింది. పైన ఎండ తగిలి మెరిసింది. అత్త తలెత్తి దాన్నే చూసింది.

"గది పైకి పోతున్నది. తియ్యి కోడలా, అన్నీ తియ్యి. ఇడువు."

కండె తర్వాత కండె రెండు అరచేతుల మధ్య నలిపి పైకి విసిరాను. కూర్చున్న చోటి నుంచే అత్తా చిదుముతోంది. నూగు కళ్లలో పడింది, నోట్లో పడింది, చెమటకు మెడ మీద అంటుకుంది. సంచి ఖాళీ అయితే చేతికందిన కర్రలు వంచి తెంపాను. పొగ చిక్కబడుతోంది. పైన ఆకాశపు చీలిక పసుపు రంగుకు మారింది. నా చేతులు ఆగిపోతే అత్త మళ్లీ తియ్యమనేది. ఆమె గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

తాత ఊరి వైపు ఒడ్డున ఉన్నాడట. నిప్పురవ్వలు గడ్డివాముల మీద పడకుండా కాసే పని ఆయనది, ఇంకొందరిది. రవ్వ పడితే కొట్టడానికి గొంగడిని కాలువలో ముంచి భుజాన వేసుకుని నిలబడ్డాడు. గాలి మీద బూడిద వస్తోంది. ఆ బూడిదలో తెల్లని పోగులు గుంపులు గుంపులుగా రావడం ఆయన చూశాడు. కాసేపు ఆగి మళ్లీ వచ్చాయి, అదే దిక్కు నుంచి. పక్కవాళ్లు అదీ బూడిదే అన్నారు. వేడికి పగిలిన కండెల దూది అన్నారు. తాత వాళ్లతో వాదించలేదు. గొంగడి తల మీద కప్పుకుని జమ్ములోకి దూరాడు.

మాకు మొదట వినిపించింది ఆయన కేక. మంద చెదిరినప్పుడు నాలుకను అంగిలికి కొట్టి తీసే సన్నని కేక అది, మాటలకంటే దూరం పోతుంది. నాకూ నేర్పాడు. నేను అదే కేక వేశాను. గొంతు ఆరిపోయి మొదటిసారి రాలేదు. రెండోసారి వచ్చింది. అటునుంచి జవాబు వచ్చింది, ఈసారి దగ్గరగా. జమ్మును చేతులతో చీల్చుకుంటూ తాత ముఖం బయటపడింది. కనుబొమల మీద తెల్లని నూగు.

అత్తను ఒకసారి, గాలిని ఒకసారి చూశాడు. వచ్చిన దారి వైపు పోతే మంట వెనక నుంచి అందుకుంటుందని ఆయనకు అర్థమైంది. అత్తను చంకల కింద పట్టి ఈడ్చుకుంటూ ఇంకా లోపలికి, పచ్చి జమ్ము మధ్య నీళ్లు నిలిచిన గుంతలోకి తీసుకుపోయాడు. నేను ఆయన పంచె కొంగు పట్టుకుని వెంట దిగాను. నీళ్లు నా గడ్డం దాకా వచ్చాయి. అత్తను కూర్చోబెట్టి, నన్ను ఆమె ఒళ్లోకి నెట్టి, గొంగడిని మళ్లీ ముంచి మా తలల మీద పరిచాడు. దాని అంచులు పట్టుకుని మా మీదికి వంగి నిలబడ్డాడు.

"నీళ్లకు మూతి ఆనించి గాలి తీసుకోన్రి. నేను చెప్పేదాంక లెవ్వొద్దు."

గొంగడి కింద చీకటి. తడి ఉన్ని, బురద, పొగ కలిసిన వాసన. మొదట చప్పుడు పెరిగింది, తర్వాత చప్పుడు తప్ప ఇంకేమీ లేకుండా పోయింది. తల మీద ఉన్ని వేడెక్కి ఆవిర్లు కక్కింది. అత్త గోళ్లు నా చేతిలో దిగాయి. ఆమె పొట్ట నా వీపుకు ఆనుకుని రాయిలా బిగుసుకోవడం, మళ్లీ వదులుకావడం నాకు తెలుస్తోంది. ఆ హోరులో తాత ఏదో అంటున్నాడు. ఈనడానికి కష్టపడే గొర్రె దగ్గర కూర్చున్నప్పుడు అనే మాటలే. అయిపోయింది తల్లీ, అయిపోయింది, జరసేపు. అదే మళ్లీ మళ్లీ. ఒకసారి ఆ మాట మధ్యలో తెగింది. ఆయన ఊపిరి బుసలా వచ్చింది. తర్వాత మళ్లీ మొదలుపెట్టాడు.

గొంగడి ఎత్తినప్పుడు వెలుతురుకు కళ్లు చిట్లించుకున్నాం. చుట్టూ నల్లని మోళ్లు, వాటి నుంచి లేస్తున్న సన్నని పొగ. ఇంతకాలం అడవిలా నిలబడ్డది లేదు. మా ఊరు కనిపించింది. మా దొడ్డి, దండెం మీది నాయినమ్మ చీర, గడ్డివాముల దగ్గర నిలబడ్డ మనుషులు, అంతా కేకేస్తే వినపడే దూరంలో ఉన్నది. మేం తప్పిపోయింది అంత చిన్న చోట. వాళ్లు మమ్మల్ని చూసి కొంతసేపు కదల్లేదు. తర్వాత అందరూ ఒక్కసారే పరుగెత్తుకొచ్చారు.

అత్తను బండి కట్టి మిర్యాలగూడ దవాఖానకు తీసుకుపోదామనుకున్నారు. ఎడ్లు కట్టేలోపే నొప్పులు ఎక్కువయ్యాయి. మంత్రసాని లోపలికి పోయింది. నన్ను బయట అరుగు మీద కూర్చోబెట్టి అమ్మ గంజి తాగించింది. తాత గోడకు భుజం ఆనించి వీపు ఎవరికీ తగలకుండా కూర్చున్నాడు. గొంగడి మా మీద కప్పితే ఆయన మీద ఏమీ లేదు. వీపు, చేతుల వెనక భాగం కాలి తోలు లేచింది. ఎవరో కలబంద తెచ్చి రాయబోతే ఆగమని చెయ్యి చూపాడు. ఆయన చెవి తలుపు వైపే ఉంది.

దీపాలు పెట్టే వేళకు బిడ్డ బయటపడింది. లోపల ఆడవాళ్ల మాటలు ఆగిపోయాయి. ఏడుపు రాలేదు. నెలలు నిండని పిల్ల, అదీ ఆడపిల్ల అని మంత్రసాని నెమ్మదిగా అనడం వినిపించింది. ఆ వెంటనే అత్త గొంతు, ఎందుకు ఏడుస్తలేదు, ఎందుకు ఏడుస్తలేదని. తాత లేచి తలుపు దగ్గరికి పోయాడు. మగవాళ్లు ఆ గడప దాటరు. చెక్కకు నోరు ఆనించి మా నాయినమ్మను పిలిచాడు.

"ముక్కు నోరు ఏలుతోని తుడువు. తల కిందికి వంచు. మెల్లగ నోట్లె ఊదు. గొర్రెపిల్లకు నువ్వు చెయ్యలేదా ఎన్నిసార్లు? గట్లనే."

మేం అరుగు మీద ఒకరి ముఖం ఒకరం చూడలేదు. దొడ్డిలో గొర్రెలు నెమరు వేస్తున్న చప్పుడు వినిపించేంత నిశ్శబ్దం. తర్వాత తుమ్ము లాంటిది ఒకటి వచ్చింది. దాని వెనక పిల్లి కూతలాంటి సన్నని ఏడుపు. తాత తలుపుకు నుదురు ఆనించి అలాగే నిలబడిపోయాడు. నాయిన వచ్చి పట్టుకుంటే తప్ప కూర్చోలేకపోయాడు.

ఆ పిల్ల నిలవదని ఊరంతా అనుకుంది. నాయినమ్మ దాన్ని రొమ్ముకు ఆనించుకుని, పైన ఉన్ని కప్పుకుని, ఎండలు ముదిరేదాకా అలాగే మోసింది. కబురు అందగానే చిలుకూరు నుంచి మామయ్య వచ్చాడు. మాటకారి మనిషి. కాలిన చేతులతో కూర్చున్న మా తాత ముందు నిలబడి ఒక్క మాటా అనలేక, పొయ్యేటప్పుడు వంగి కాళ్లకు మొక్కి పోయాడు. పిల్ల నిలిచింది. ఇప్పుడు సూర్యాపేటలో కిరాణా దుకాణం చూసుకుంటూ, మనవల మీద గట్టిగా అరుస్తూ ఉంటుంది.

జమ్ము మాత్రం ఏమీ కానట్టు మళ్లీ లేచింది. కాలిన నాలుగు రోజులకే బూడిదలోంచి పచ్చని కొనలు పొడిచాయి. తాత మిగిలిన గొర్రెలను హాలియా అంగట్లో అమ్మేశాడు. ఆయన చేతుల తోలు బిగిసి, వేళ్లు పూర్తిగా ముడుచుకునేవి కాదు. కర్ర పట్టుకోవడం కష్టమైంది. కొన్నేళ్లకు పల్లాన్ని కాలువలు తీసి ఆరబెట్టి వరి పెట్టారు. ఇప్పుడు అక్కడ జమ్ము ఉండేదని చెప్పినా నమ్మేవాళ్లు లేరు.

నాకు పెళ్లి కుదిరిన ఏడు, తాత అరుగు మీద కూర్చుని ఉంటే, వీపుకు నూనె రాస్తూ అడిగాను. ఆ రోజు లోపల ఉన్నది నేనని ఎలా తెలిసింది తాతా అని. అన్నేళ్లూ నా లోపల ఒక గర్వం ఉండేది, మా తాత నాకోసం మంటలోకి వచ్చాడని. బడిలో అందరికీ అలాగే చెప్పుకున్నాను.

తాత తల తిప్పకుండానే చెప్పాడు.

"నువ్వని నాకేమెరుక బిడ్డా. మీరిద్దరు ఇంట్ల పండుకున్నరనుకున్న. ఎవరో ఉన్నరని అనిపించింది, అంతే."

చిన్నపిల్లలా ఉక్రోషం వచ్చింది. నూనె గిన్నె అక్కడే పెట్టి లోపలికి పోయి అమ్మతో చెప్పుకున్నాను కూడా. అమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ మాట ఎంత పెద్దదో తెలియడానికి నాకు చాలా కాలం పట్టింది. నేను పిల్లల్ని కని, పెంచి, ఎవరి పిల్లలకు ఆపద వచ్చినా ముందు నా పిల్లలు ఇంట్లో ఉన్నారా అని చూసుకునే మనిషినయ్యాక. తాత అలా చూసుకోలేదు. తనవాళ్లందరూ ఇంట్లో క్షేమంగా ఉన్నారని అనుకుంటూనే ఆ మంటలోకి దూరాడు.